గీతతో మూసిన గుట్టు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున నీలగుండం అనే రాజ్యం. దాన్ని సుబాహుడనే రాజు ఏలుతుండేవాడు.

ఆ రాజ్యంలో రాజాజ్ఞలు ఊరూరా చాటేవాడు కాటమయ్య. తాటాకు చేతికిస్తే చాలు, డప్పు కొట్టి, ఉన్నది ఉన్నట్టు చదివేవాడు.

చాటింపు రాతకు కోటలో ఒక కట్టుబాటు ఉండేది. గట్టిగా పలకవలసిన మాటకు ముందు ‘గొంతెత్తు’ అనీ, తరువాత ‘గొంతు దించు’ అనీ రాయాలి. చాటేవాడికి మాత్రమే తెలియవలసిన మాటకు ముందు ‘గుట్టు పట్టు’ అనీ, తరువాత ‘గుట్టు విడు’ అనీ రాయాలి. ఈ నాలుగూ, గుట్టు మాటా తప్ప ఆకు మీద ఏముంటే అది పైకి చదవాలి. గుట్టు బయటపెట్టినవాడి నాలుక కోసేవారు.

మంత్రి సునందుడికి తీరిక తక్కువ. ఆయనది చుక్కల రాత. గట్టి మాటకు అటూ ఇటూ చుక్క, గుట్టు మాటకు అటూ ఇటూ గీత. అంతే. దాన్ని కోట రాతలోకి మార్చడం లేఖకుడు శంభుమిత్రుడి పని.

శంభుమిత్రుడికి రెండు రాతలూ వచ్చు. ఆ గర్వమే అతనికి చేటు తెచ్చింది. సగం మార్చేవాడు, సగం వదిలేసేవాడు.

మొదట జాతర చాటింపు వచ్చింది. శంభుమిత్రుడు చుక్కలు మార్చడం మరిచాడు. కాటమయ్య డప్పు కొట్టి, “రేపు కోట ముందు చుక్క, జాతర, చుక్క!” అని చదివాడు.

“విన్నావటోయ్? జాతరలో చుక్క పోస్తారట!” అన్నాడొకడు.

మర్నాడు ఊళ్ళో మగవాళ్ళందరూ ముంతలు పట్టుకుని కోట ముందు నిలబడ్డారు. రాజు నివ్వెరపోయాడు. మంత్రి మందలిస్తే శంభుమిత్రుడు నవ్వేశాడు.

“చిన్న చుక్కే కదా స్వామీ!”

తరువాత రాణిగారి తమ్ముడి పెళ్ళి చాటింపు వచ్చింది. ఈసారి ‘గొంతెత్తు’ అని మొదలుపెట్టి, చివర ఒక చుక్క పెట్టి ఊరుకున్నాడు. ఆ కిందనే రాజగురువు కన్నుమూసిన వార్త ఉంది. గొంతు దించమన్న మాట ఎక్కడా లేదు. కాటమయ్య ‘చుక్క’ అని కూడా చదివి, పెళ్ళి కబురు చాటిన గొంతుతోనే, “రాజగురువు కన్నుమూశారహో!” అని డప్పు అదరగొట్టాడు.

వీధిలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. గురువుగారి కూతురు గుమ్మంలోనే కూలబడింది.

రాజు శంభుమిత్రుణ్ణి పిలిపించి, “ఇంకొక్క తప్పు చూశానంటే ఊరుకోను” అన్నాడు.

“చిత్తం ప్రభూ” అన్నాడు లేఖకుడు. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

అంతలో కొండల మీద పెద్ద వాన పడింది. ఏటి ఆనకట్ట బీట వారింది. మంత్రి గబగబా చుక్కల రాతలో రాసి ఇచ్చాడు. శంభుమిత్రుడు మార్చాడు. కాటమయ్య ఆకు పట్టుకుని, ఆనకట్ట కిందున్న పల్లపువాడకు పరుగెత్తాడు. డప్పు కొట్టాడు. జనం మూగారు. ఆకు విప్పాడు.

‘గుట్టు పట్టు. ఆనకట్ట బీట వారింది. పగవారికి తెలియరాదు.’ ఆ పక్కన ఒక గీత. ఆపైన, ‘పల్లపువాడ వారు ఈ క్షణమే మెరక మీదికి పోవాలి.’

కాటమయ్య ఆకు చివరి దాకా వెతికాడు. ‘గుట్టు విడు’ లేదు. ఆకు తిప్పి చూశాడు. అక్కడా లేదు. అంటే ఆకంతా గుట్టే!

“ఏం నాయనా కాటమయ్యా, డప్పు మోగించి నోరు కుట్టేసుకున్నావేం?” అందొక ముసలమ్మ.

“బాబాయికి ఇంకా చుక్క పడలేదేమో!” అన్నాడు ఒక కుమ్మరి. అందరూ పకపకా నవ్వారు.

కాటమయ్య నవ్వలేదు. నోరు విప్పితే నాలుక పోతుంది. విప్పకపోతే వాడ పోతుంది.

అతను బీట మాట ఎత్తలేదు. “అమ్మా! అయ్యా! ఈ క్షణమే మెరక మీదికి పొండి! నా నాలుక మీద ఆన!” అని అరిచాడు.

ఆ మాటకు నవ్వులు ఆగిపోయాయి. నాలుక మీద ఆన పెట్టిన చాటింపు వాళ్ళెన్నడూ వినలేదు. పిల్లల్ని ఎత్తుకున్నారు. ముసలివాళ్ళను మోసుకున్నారు. మెరక ఎక్కారో లేదో, ఆనకట్ట తెగింది. కళ్ళముందే వాడ మొత్తం నీళ్ళలో మునిగింది.

ఆకు చూసి, గుట్టు చదివాడని భటులు కాటమయ్యను కట్టి తెచ్చారు. రాజు ఆకు తీసుకుని చూశాడు. అతని ముఖం తెల్లబోయింది.

“శంభుమిత్రా! మాటతో తెరిచిన గుట్టును గీతతో మూశావేమిటి?”

“తెలిసినవాడు అర్థం చేసుకుంటాడులే అనుకున్నాను ప్రభూ!”

“తెలిసినవాడివి నువ్వు. చదవవలసినవాడు అతను. చావబోయినవాళ్ళు పల్లపువాడ వాళ్ళు!”

రాజు స్వయంగా కాటమయ్య కట్లు విప్పాడు. చేతులు జోడించాడు.

శంభుమిత్రుడి చేతిలో గంటం తీసుకుని పార ఇచ్చారు. పల్లపువాడలో ప్రతి ఇంటి బురదా అతనే ఎత్తాడు. గంటం మళ్ళీ అతనికి ఇవ్వలేదు.

కనుక పిల్లలూ, ఏ పద్ధతిలో మొదలుపెట్టిన పనిని ఆ పద్ధతిలోనే ముగించాలి; సగం మార్చిన రాత అసలు మార్చని రాతకన్నా ప్రమాదం.