పచ్చగడ్డి బొమ్మ నాకిన నక్క

చిలకవాగుకి ఇవతల గడ్డి మేసేవాళ్లుంటారు, అవతల మాంసం తినేవాళ్లుంటారు. మధ్యలో ఒక తాటి దుంగ. అవతలివాళ్లు దాన్ని దాటి రాకూడదని కట్టుబాటు. ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఇవతలివాళ్లకి మేయడం తప్ప పనిలేక, కొండచరియ కింద చేరి బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టారు. నలుగురు కూడితే సంఘం పెట్టకుండా ఉండలేరు కదా, అదీ పెట్టారు. ఎద్దు లింగన్న దానికి పెద్ద. సంఘానికి ఒక్కటే నియమం: ఏ ప్రాణి ఒంటి నుంచి వచ్చినదీ బొమ్మలో కలపకూడదు.

నియమమైతే పెట్టుకున్నారు గానీ సరుకు దొరకలేదు. వేసిన రంగు వేసినట్టే రాలిపోతోంది. సరిగ్గా అప్పుడే దుంగకి అవతలి చివర ఒక నక్క వచ్చి కూర్చుంది. పక్కన ఒక మూట, ముందు సగం కొరికిన దోసపండు.

"మాంసం మానేసి మూడు నెలలైంది బావగారూ. పేరు కూడా మార్చుకున్నాను. ఇప్పుడు నేను శాంతయ్యని."

"మంచిదే. ఏమిటిలా వచ్చావు?" అన్నాడు లింగన్న.

"మీకోసం సరుకు తెచ్చాను. ఇదిగో కుంచె, ఎంత మెత్తగా ఉందో చూడండి. ఇది జిగురు. వడ్రంగులు దీన్ని వజ్రం అంటారు. రంగులో కలిపారంటే పదేళ్లయినా రాలదు. అంతా చెట్టూ చేమా నుంచి తీసిందే."

"మాకేం ఇవ్వమంటావు?"

"ఎంత మాట! రోజూ దుంగ దాటొచ్చి సరుకిచ్చి పోతాను. అందుకు ఒప్పుకుంటే చాలు."

శాంతయ్య మూటని ఇవతలి గట్టుకి విసిరాడు. అది పడగానే ఉడుత చిట్టెమ్మ ఎగిరి కుంచె అందుకుంది. సంఘంలో బాగా బొమ్మలు వేసేది తనే, ఆ సంగతి తనే అందరికీ చెబుతుంటుంది కూడా. "అబ్బ! అచ్చం నా తోకలాగే ఉంది!" అని మురిసిపోయింది.

మేక పుల్లమ్మకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆమె పిల్లలిద్దరూ ఆ దుంగ పక్కనే మేస్తారు. లింగన్నని చాటుకి పిలిచింది.

"మావా, ఒక్క రోజు ఆగు. ఆ జిగురులో ఏముందో నువ్వు చెప్పగలవా?"

లింగన్న వాసన చూశాడు. "ఏదోలా ఉంది. నాకేం తెలుస్తుంది పుల్లమ్మా? పుట్టి బుద్ధెరిగి గడ్డి తప్ప ఎరగను."

"నా భయమూ అదే. మనలో ఎవరికీ తెలీదు. తెలిసినవాడు ఆ శాంతయ్య ఒక్కడే."

"అయితే అతన్నే అడుగుదాం."

"అడుగుదాం. నోటితో కాదులే."

పుల్లమ్మ చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి జిగురు కాచింది. చిట్టెమ్మ చేత రెండు చెక్క పలకల మీద ఒకేలాంటి పచ్చగడ్డి బొమ్మలు వేయించింది. రెండిట్లోనూ అదే చిక్కుడాకు పసరు. ఒకదాంట్లో చింతగింజల జిగురు, రెండోదాంట్లో శాంతయ్య జిగురు. మర్నాడు లింగన్న వాగులో దిగి, పలకలు అవతలి గట్టున పెట్టి వచ్చాడు.

"శాంతయ్యా, రెండిట్లో ఏది బాగుందో నువ్వే తేల్చాలి. మేం ఎదురుగా ఉంటే మొహమాటపడతావు. మధ్యాహ్నానికి వస్తాం," అంది పుల్లమ్మ.

"అలాగే అక్కా. నా అంత నిక్కచ్చిగా ఎవరూ చెప్పలేరు."

నిన్నటి నుంచీ అందరూ చూస్తుండగా దోసపండ్లు తిని తిని శాంతయ్య పేగులు అరుస్తున్నాయి. వాన తెరిపిచ్చి ఎండెక్కింది. పలక వెచ్చబడింది. వెచ్చబడితే జిగురు వాసన కొట్టకుండా ఊరుకుంటుందా?

వాళ్లు తిరిగొచ్చేసరికి ఒక పలక తళతళలాడుతోంది, గడ్డిపరక కూడా లేదు. శాంతయ్య మూతి నిండా పచ్చరంగు.

"ఏం చెయ్యమంటారు బావగారూ!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అది బొమ్మా? నిజం గడ్డే అనుకున్నాను. నోరూరి ఆగలేకపోయాను. నాలో శాకాహారం అంతగా ఇంకిపోయింది!"

చిట్టెమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. "అంత బాగా వేశానా?"

లింగన్న కూడా మెత్తబడ్డాడు. "గడ్డి బొమ్మకే నోరూరిందంటే ఇంకేం కావాలి? రానిద్దాం, పుల్లమ్మా."

"ఆగు మావా. శాంతయ్యా, రెండో పలక మీదా అదే గడ్డి ఉంది. దాన్ని ముట్టుకోలేదేం?"

"అదా... అది అంతగా కుదర్లేదక్కా."

"కుదరకపోవడమేమిటి?" చిట్టెమ్మ తోక నిక్కబొడుచుకుంది. "దానికే ఎక్కువసేపు కూర్చున్నాను!"

"గడ్డి ఒకటే, వేసిన చెయ్యి ఒకటే," అంది పుల్లమ్మ. "తేడా జిగురులోనే ఉంది. దీంట్లో చింతగింజలు. నువ్వు నాకిందాంట్లో ఏముందో చెప్పు."

శాంతయ్య అటూ ఇటూ చూశాడు. ఆకలి మీద ఉన్నవాడికి ఓపిక ఎక్కడిది? "ఏముంటుంది? తోలూ గిట్టలూ ఉడకబెడితే వచ్చేదే! మీ ఎద్దులవే!" అని అరిచాడు.

లింగన్న తల దించి తన కాళ్లకేసి చూసుకున్నాడు. చిట్టెమ్మ చేతిలోది ఎత్తి చూపింది. "మరి... ఈ కుంచె?"

శాంతయ్య ఆమె తోకకేసి చూశాడు. చిట్టెమ్మ కుంచె కింద పెట్టేసి, తోకని రెండు చేతులా పొదువుకుని ఏడ్చింది. నిన్నంతా దాంతో మురిసిపోయినందుకు ఆమెకి ఎక్కువ బాధ కలిగింది.

లింగన్నకి కోపం రావడం ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. కొమ్ములు వంచి దుంగ చివర కుమ్మాడు. వాగు దాన్ని ఈడ్చుకుపోయింది. పుల్లమ్మ పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"బావగారూ, మరి నా సంగతేమిటి?" అని అవతల గట్టు నుంచి కేకేశాడు శాంతయ్య.

"నీకేం, దోసపండ్లున్నాయిగా!" అన్నాడు లింగన్న.

సరుకులో ఏముందో తెలుసుకోవాలంటే అమ్మేవాడి మాటలు వినడం కాదు, దాన్ని చూసి ఎవరికి నోరూరుతోందో గమనించాలి.