నల్లరేవు వాళ్ళెవరు?

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, దాని పేరు నల్లరేవు. ఒరేయ్ కేశవా, దుప్పటి లాగకు. ఊ కొట్టండిరా, కొట్టకపోతే నేను చెప్పను.

ఆ ఊరికి ఒక ఎండాకాలం పొద్దున బూడిదపాడు నుంచి కొత్త జనం వచ్చారు. బూడిదపాడులో వానలు పోయాయి, బావులు పోయాయి, గొడ్లు పోయాయి. ఇంకేం మిగిలింది? కాళ్ళు మిగిలాయి. నడిచారు. నడిచీ నడిచీ పున్నమ్మ అనే ముసలావిడ అరికాళ్ళు బీటలు వారి నెత్తురు కారింది. నల్లరేవు గట్టు మీద కూలబడి, ఇంక నేను లేవనమ్మా, ఉంచితే ఇక్కడే ఉంచండి, పూడిస్తే ఇక్కడే పూడ్చండి అంది. ఆవిడ కోడలు సోమిదేవి అత్త కాళ్ళు చూసింది, ఊరి వంక చూసింది. మళ్ళీ నడిస్తే ఈ ముసలిది దారిలోనే పోతుంది, ఎట్లాగైనా ఇక్కడే ఉండాలి అనుకుంది.

ఆ ఎండలకి ఏరు ఎండిపోయింది, ఊరంతటికీ బావి ఒక్కటే దిక్కు. ఆ ఊరి పెద్ద తంగేటిపాడు రామభద్రం. ఉంటే ఉండండి గానీ, మా ఊరివాళ్ళందరూ తోడుకున్నాకే మీరు బావి దగ్గరికి రండి అన్నాడు. అందరూ తోడుకున్నాక ఏముంటుంది? బురద. ఆ బురదే గుడ్డలో వడకట్టుకుని తాగారు.

మరి మీ ఊరివాళ్ళం ఎప్పుడవుతామయ్యా అని అడిగింది సోమిదేవి. మీ బట్టకట్టు వేరుగా ఉందన్నారు ఊరివాళ్ళు. సరేనని కట్టు మార్చారు. కట్టు మారిస్తే మాట మారలేదన్నారు. మాట మారిస్తే తిండి మారలేదన్నారు. జొన్నరొట్టె మాని వరన్నం తింటే, ఆ ముద్ద కలిపే తీరు చూడండి, ఎక్కడివాళ్ళో తెలిసిపోతోంది అన్నారు. కట్టు పోయె, మాట పోయె, రొట్టె పోయె, బావి దగ్గర వంతు మాత్రం రాలేదు. ఊ కొడుతున్నారా? నాకైతే ఒళ్ళు మండుతోంది. ఏం చేస్తే చాలో ముందే చెప్పి చావొచ్చు కదా! చెప్పరు. చెబితే రేపు ఒప్పుకోవాల్సి వస్తుంది మరి.

చివరికి రామభద్రం, పోలేరమ్మ జాతరలో పొంగలి కుండ పెట్టినవాళ్ళే మా ఊరివాళ్ళు, పెట్టలేనివాళ్ళు జాతర మర్నాడు గట్టు దిగిపోవాలి అన్నాడు. ఆ జాతరలో ఇంటింటి పెద్దావిడ కుండ తెచ్చి, ఇంటిపేరు గట్టిగా చెప్పి, అమ్మవారి ముందు పెట్టాలి.

బూడిదపాడు వాళ్ళు కూర్చుని ఆలోచించారు. మనం బూడిదపాడు వాళ్ళమని చెబితే పరాయివాళ్ళమని మనమే ఒప్పుకున్నట్టు. అన్నీ మార్చాం, ఇంటిపేరు ఒక్కటీ ఎందుకు, అదీ మార్చేద్దాం అనుకున్నారు.

జాతర రోజు పున్నమ్మ కోడలి భుజం పట్టుకుని కుంటుకుంటూ కుండ తెచ్చింది.

"ఇంటిపేరేంటమ్మా?" అన్నాడు పూజారి.

"నల్లరేవు వారమయ్యా."

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. రామభద్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఓసి పిచ్చి మొహమా! ఉన్న ఊరి పేరు ఎవరైనా ఇంటిపేరుగా పెట్టుకుంటారటే? వదిలొచ్చిన ఊరి పేరు కదా ఇంటికి నిలిచేది!"

పున్నమ్మ తల దించుకుంది. సోమిదేవి మాత్రం దించలేదు.

"అట్లాగా పెద్దయ్యా! మరి తమరు తంగేటిపాడు ఎందుకు వదిలొచ్చారు?"

సోమిదేవి వరసన అడుగుతూ పోయింది. ముల్లగూరి వారూ, మీరు ముల్లగూరు నుంచి ఎప్పుడొచ్చారు? కాకినేటి వారూ, మీకు కాకినేరులో ఏం తక్కువైంది? పూజారిగారూ, పెదగుంట శాస్త్రిగారూ, ఆ పెదగుంట ఏ దిక్కునుందండీ? ఇంతమందిలో అసలు నల్లరేవు వాళ్ళెవరు?

అప్పుడు రామభద్రం తల్లి, పళ్ళూడిన ముసల్ది, వెనకనుంచి కేకేసింది.

"చెప్పవేంరా! ఏరు పొంగి తంగేటిపాడు కొట్టుకుపోతే, మీ తాత గోచీతో ఈ రేవులో దిగాడని చెప్పు! ముల్లగూరి వాళ్ళ కొట్టంలో తలదాచుకున్నారట. మా అత్త చెబుతూనే ఏడ్చేది."

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకుంటే నువ్వీ ముసలిదాన్ని ఆ కాళ్ళతో మళ్ళీ నడిపిస్తావు!"

రామభద్రానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పున్నమ్మ కాళ్ళు చూశాడు. ఆ తరవాత వంగి తన ఇంటి కుండ కాస్త పక్కకి జరిపాడు. వాళ్ళ కుండకి చోటైంది.

"మళ్ళీ చెప్పు తల్లీ, ఇంటిపేరేంటి?" అన్నాడు పూజారి.

"బూడిదపాడు వారమయ్యా!" అంది పున్నమ్మ. ఊళ్ళోకి వచ్చాక ఆవిడ అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు.

మర్నాటి నుంచి బావి దగ్గర ముందొచ్చిన బిందెకే ముందు నీళ్ళు. జొన్నరొట్టెలు మళ్ళీ కాలాయి, రామభద్రం ఇంట్లోవాళ్ళు కూడా అడిగి పెట్టించుకున్నారు. పున్నమ్మ కాళ్ళు మానాయి, అందరూ సుఖంగా ఉన్నారు.

మీరు కూడా వినండి. వీధిలోకి ఎవరైనా కొత్తగా వస్తే ముందు మంచినీళ్ళివ్వండి. ఏ ఊరని తరవాత అడగొచ్చు. ఎందుకొచ్చావని మాత్రం అడగొద్దు, అది నాకు అసలు గిట్టదు.

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.