లక్క ముద్ర వేసిన ముంత

వెనకటికి ఎర్రమెట్టల సీమను రణధవళుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే తనకు తట్టిన ఆలోచన మరెవరికీ తట్టదని గట్టి నమ్మకం.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఇంట్లో గింజ లేక జనం కోట గుమ్మం ముందు బారులు తీరారు. ఆ దృశ్యం రాజు మనసులో నాటుకుపోయింది. మరుసటి ఏడు పంటలు చేతికి రాగానే ఒక శాసనం వేయించాడు.

ప్రతి ఇల్లూ సంపాదనలో మూడో వంతు ఒక ముంతలో వేయాలి. నాణెం దూరేంత సందు మాత్రం వదిలి, దాని మూతికి లక్క పోసి రాజముద్ర వేస్తారు. ఆ ముద్ర తీయాలంటే మంత్రుల సభ అనుమతి కావాలి. కాదని పగలగొడితే చెరసాల.

ఆస్థానంలో అందరూ శాసనాన్ని ఆకాశానికెత్తారు. రాజు తనకు తానే ‘సంచయ సార్వభౌమ’ అని బిరుదు తగిలించుకున్నాడు.

ఆ ఆస్థానంలోనే గుండన అనే చతురుడు ఉండేవాడు. ఒకనాడు అతడు ఉత్తరీయం నేయించుకుందామని సాలెవీధిలో మాచమ్మ ఇంటికి వెళ్లాడు. చూస్తే మగ్గం ఉండే చోటు ఖాళీగా ఉంది.

“మగ్గం ఏదమ్మా?”

“అమ్మేశానయ్యా. మా ఆయనకు జ్వరం ముదిరి మాట పడిపోయింది. వైద్యుడికీ మందులకీ డబ్బు కావలసి వచ్చింది.”

గుండన గూట్లోని ముంత వంక చూశాడు. “అందులో లేవా?”

“ఉన్నాయి. ఊపితే గలగలమంటాయి కూడా. కోటకు వెళ్లి బతిమాలాను. సభ కూర్చోవాలన్నారు. అప్పటిదాకా జ్వరం ఆగుతుందా? మగ్గం కొన్నవాడు నా తొందర చూసి సగం ధర కూడా ఇవ్వలేదు. పోనీలెండి, మనిషి దక్కాడు. ఇప్పుడు పక్కింటి మగ్గం మీద కూలికి నేస్తున్నాను. ఆ కూలిలోనూ మూడో వంతు ముంతలో వేస్తున్నాను.”

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట గుండనకు మరీ గుచ్చుకుంది.

మర్నాడు సభలో ఈ సంగతి చెప్పాడు. రాజు మీసం సవరించుకున్నాడు.

“డబ్బు చేతికి అందేచోట ఉంటే మనిషికి రోజూ ఏదో ఒక అవసరం పుట్టుకొస్తుంది గుండనా! ఇవాళ జ్వరం, రేపు పట్టుచీర. ముద్ర ఉంటేనే డబ్బు నిలుస్తుంది.”

“నిలవడం మంచిదే ప్రభూ. నిలిచింది ఆదుకోవాలి కూడా కదా?”

“నీ మాటల గారడీ నా దగ్గర సాగదు. నా ముద్రను నా చేత్తోనే పగలగొట్టాలని నాకు అనిపించిన రోజున శాసనం మారుస్తాను. అంతవరకు ఈ ఊసెత్తకు!”

సభ గొల్లున నవ్వింది. గుండన తల వంచి నమస్కరించి ఊరుకున్నాడు.

ఎండలు ముదిరాక రాజు సరిహద్దు కోటను చూసి రావడానికి బయలుదేరాడు. దారంతా చెట్టూ చేమా లేని ఇసుక నేల. నీళ్ల బాధ్యత తనకిమ్మని గుండన అడిగి పుచ్చుకున్నాడు. కడవలు నింపించి బండ్ల మీద పెట్టించాడు. వాటిలో మూడో వంతు కడవలకు లక్క పోసి రాజముద్ర వేయించాడు.

“ఏలినవారి శాసనం ఇళ్లకేనా, ప్రయాణానికీ ఉండాలనిపించింది. వీటిని విప్పాలన్నా మంత్రుల సభే చెప్పాలి” అన్నాడు.

“భేష్! ఇన్నాళ్లకు నీకు బుద్ధి వచ్చింది” అని రాజు మెచ్చుకున్నాడు.

సగం దారిలో ఒక ఊట ఉంటుందని అందరూ ధైర్యంగా ఉన్నారు. తీరా రెండో రోజు అక్కడికి వెళ్తే అది ఎండి నెర్రెలు విచ్చి ఉంది. మధ్యాహ్నానికి ముద్ర లేని కడవలన్నీ అడుగంటాయి. ఎడ్లు నాలుకలు వేలాడేశాయి. రాజు గొంతు పిడచకట్టుకుపోయింది.

“నీళ్లు!” అన్నాడు.

“అయిపోయాయి ప్రభూ.”

“మరి ఆ బండి మీదివి?”

“అవి పొదుపు ప్రభూ.”

“పరాచికాలా? విప్పించు!”

“తప్పకుండా. రాజధానికి రౌతును పంపుతాను. సభ కూర్చుంటుంది. ఏలినవారిది నిజమైన దాహమా, గొంతు తడుపుకోవాలన్న సరదానా అని విచారిస్తుంది. ఆపైన...”

“నా నీళ్లు నేను తాగడానికి ఇంకొకరి అనుమతి కావాలా?” అని రాజు గర్జించాడు.

చుట్టూ ఉన్న భటులు తలలు దించుకున్నారు. వాళ్ల ఇళ్లలోనూ ముంతలున్నాయి.

రాజు గుర్రం దిగి లక్కను గోళ్లతో పెకలించబోయాడు. ఎండకు పైన మెత్తబడిందే తప్ప ఊడి రాలేదు. ఓపిక నశించి కత్తిపిడితో ఒక్క దెబ్బ వేశాడు. కడవ భళ్లున పగిలింది. సగం నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. పెంకులో మిగిలిన వాటిని దోసిలి పట్టి తాగాడు.

తాగి, తడిసిన ఇసుకను కాసేపు చూశాడు. “మిగతావి పగలగొట్టకండి, జాగ్రత్తగా విప్పండి. ముందు భటులకూ ఎడ్లకూ పెట్టండి” అన్నాడు.

అందరూ తాగాక గుండనను దగ్గరకు పిలిచాడు.

“ఆ నేతగత్తె పేరేమన్నావు?”

“మాచమ్మ.”

“ఆమె ఎందుకు పగలగొట్టలేదు?”

“ఏలినవారి చేతిలో కత్తి ఉంది. ఆమె చేతిలో ఉన్నది మగ్గం ఒక్కటే. దాన్నే పోగొట్టుకుంది.”

రాజు మెల్లగా అన్నాడు. “కానీ గుండనా, ముద్రే లేకపోతే ఈ నీళ్లు కూడా నిన్ననే కాళ్లు కడుక్కోవడానికి వాడేసేవాళ్లం.”

“అదీ నిజమే ప్రభూ. ఆ ఊట ఎండిపోయి ఉంటుందని నాకూ తెలియదు. పక్కన పెట్టబట్టే బతికాం. శాసనంలో సగం గొప్పదే.”

“మరి మిగతా సగం?”

“కష్టానికి అక్కరకొచ్చేది కొంత చేతికి అందేలా ఉండాలి. అది కుదిరాక మిగిలింది దూరంగా పెట్టినా బాధ లేదు. మాచమ్మ అయితే దానితో రెండో మగ్గం పెట్టుకునేది. ఏది ఎంతన్నది ఆ ఇంటివాళ్లకు తెలిసినట్టు మన సభకు తెలియదు.”

రాజు మొహంలో మెల్లగా నవ్వు విరిసింది. “నిజమైన దాహమా, సరదానా! ఆ సభకు నేనే అధ్యక్షుణ్ణి కదయ్యా! నేను లేనిదే అది కూర్చునేదెలా!” అంటూ పడీపడీ నవ్వాడు.

రాజధాని చేరగానే ముంతల మీద లక్క తీయించాడు. దాచుకోమని చెప్పడం మానలేదు గానీ, ఎంత దాచాలో, ఎప్పుడు తీయాలో ఇంటివాళ్లకే వదిలేశాడు. మగ్గం కొన్నవాడికి అతడిచ్చిన సొమ్ము ఖజానా నుంచి ఇప్పించి, మగ్గాన్ని మాచమ్మ ఇంటికి చేర్పించాడు.

నిండు సభలో గుండన చేతికి వరహాల మూట ఇస్తూ రాజు అడిగాడు. “ఇంత చెప్పావు. నీ ఇంట్లో పొదుపు ఎక్కడ దాస్తావు?”

“నాకు తెలియదు ప్రభూ. మా ఆవిడ దాస్తుంది.”

“ఎక్కడని అడగలేదా?”

“అడిగాను. ‘నిజంగా అవసరం పడిన రోజున నేనే తెచ్చి చేతిలో పెడతాను, అందాకా మీకెందుకు’ అంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట తప్పలేదు.”

రాజు కిరీటం జారిపోయేలా నవ్వాడు. గుండన చేతిలోని మూట మళ్లీ తీసుకుని ఒక భటుడికి ఇచ్చాడు.

“దీన్ని వీరి ఇంటికి తీసుకువెళ్లి, ఆ తల్లి చేతికే ఇచ్చి రా.”

మూట గుమ్మం దాటి వెళ్తుంటే గుండన గుడ్లప్పగించి చూశాడు. అది ఇంట్లో ఏ మూలకు చేరిందో అతడికి చివరిదాకా తెలియలేదు.