సగం గాడి

ఫకీర్ల మఠం లాంటి ఆ తకియాలో మౌలాలికి తెలియని సంగతి లేదు. ఆ మాట మౌలాలికీ తెలుసు. ఏ వేరు ఏ జ్వరానికి పనికొస్తుందో, ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఊరికే బెదిరించి పోతుందో చెప్పగలడు. కొండ మీది దారులు కళ్ళు మూసుకుని నడవగలడు. అతనికి అంతుపట్టనిది ఒక్కటే. ఏటా ఉరుసుకి యాత్రికులు కనుమ దాటి వెళ్ళేటప్పుడు, వాళ్ళకు ముందు నడవమని బీజానమ్మ తనతో ఎందుకు చెప్పదు?

బీజానమ్మ ఆ తకియాకి గురువు, మౌలాలి ఆవిడ శిష్యుడు. అది నవాబుల కాలం. కడప కొండల వాలులో ఒక రాతి గది, దాని ముందు నాలుగు సీతాఫలం చెట్లు, అంతే ఆ తకియా. భక్తులు ఇచ్చిపోయిన పాతబట్టలు ముక్కలు చేసి, కలిపి, ఆవిడ పగలంతా బొంతలు కుట్టేది. కుట్టు కుట్టుకీ పెదవులు కదిలేవి. పైకి మాట వినిపించేది కాదు. చలికాలంలో ఆ బొంతలు కప్పుకున్న పిల్లలకు జ్వరాలు రావని చుట్టుపక్కల ఊళ్ళలో హిందువులూ సాయిబులూ అందరూ అనుకునేవాళ్ళు. అందరికీ ఆవిడ అమ్మే.

పోయినేడు కనుమలో యాత్రికుల మీద దొంగలు పడ్డారు. ఆడవాళ్ళ కాళ్ళ కడియాలు ఒలుచుకున్నారు. అడ్డం వెళ్ళిన ఒక ముసలాయనను లోయలోకి తోసేశారు. ఈ ఏడు ఆయుధం లేకుండా అడుగు వెయ్యబోమని యాత్రికులు గట్టిగా చెప్పేశారు.

మౌలాలి అమ్మ ముందు మోకరిల్లాడు.

"ఈసారైనా నన్ను ముందు నడవనియ్యమ్మా. ఒక పిస్తోలు సంపాదిస్తాను. కొత్తది మన వల్ల కాదు. పాతదైనా మంచిది చూసి తెస్తాను."

బీజానమ్మ పళ్ళతో దారం కొరికింది. "నమ్మదగినది దొరికితే తీసుకురా నాయనా. చూద్దాం" అంది.

ఆ 'చూద్దాం'ని అతను సరేనన్నట్టే తీసుకున్నాడు.

రేపు ప్రయాణమనగా పాత ఇనుము ఓబులయ్య వచ్చాడు. పాడుబడ్డ కోటల చుట్టూ తిరిగి కత్తులూ తాళాలూ తుపాకులూ కొని, ఊరూరా అమ్ముకునే మనిషి. ఆ ఉదయం మంచు కొండను నడుం దాకా మింగేసింది. పైన శిఖరం ఒక్కటే దేనికీ ఆనకుండా తేలుతోంది. సాంబ్రాణి పొగ ఎక్కడ అయిపోయిందో, మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి ముందు ఓబులయ్య దగ్గు వచ్చింది, తర్వాత మూట వచ్చింది, ఆ తర్వాత మనిషి వచ్చాడు.

"ఏమప్పా మౌలాలీ! దేవుడి కాడికి పోయేదానికి పిస్తోలు కావాల్సొచ్చిందా?"

"దేవుడి దగ్గరికి కాదు, దారిలో దొంగల దగ్గరికి. నోరు మూసుకుని మూట విప్పు."

"నోరు మూసుకుంటే బేరం ఎట్లప్పా?"

బీజానమ్మ కిసుక్కున నవ్వింది. మౌలాలి నవ్వలేదు.

మూటలోంచి పిస్తోలు బయటికి వచ్చింది. నల్లటి చెక్క పిడి, దాని మీద వెండి లత. మౌలాలి ముందు ఆ లత మీదే గోటితో గీశాడు.

"ఈ వెండి తర్వాత వేసింది. కింద చెక్క పగిలింది. కప్పెట్టారు."

"మచ్చ మీద బొట్టు పెట్టుకోరా అప్పా?"

"మరమేకుల తలలు చూడు, ఎట్లా నలిగాయో. చేతకానివాడెవడో విప్పి బిగించాడు. నిప్పు లోపలికి పోయే బెజ్జం పెద్దదయింది. దీన్ని చాలా కాల్చారు. నువ్వేమో పెళ్ళిళ్ళలో మాత్రమే పేల్చారన్నావు."

"పెళ్ళిళ్ళు ఎక్కువైన ఇల్లప్పా అది."

మౌలాలి ఇనుప పుల్లను గొట్టంలోకి జారవిడిచి చెవి ఒగ్గాడు. ఖంగుమంది. ఆ మోత మంచులో చాలాసేపు తిరిగింది. గొట్టంలో పగులు లేదు. బెజ్జం మీద బొటనవేలు ఆనించి గొట్టంలోకి ఊదాడు. గాలి ఎక్కడా కారలేదు. కొక్కెం కరిచిపట్టుకున్న చెకుముకిరాయిని ఉక్కురేకు మీద కొట్టించి చూశాడు. నిప్పురవ్వలు గుప్పున రాలాయి. చివరికి మందూ గుండూ నింపి, దూరంగా బండ మీద ఓటికుండ పెట్టి కాల్చాడు. కుండ పగిలింది. ఇంకో కుండ పెట్టాడు. అదీ పగిలింది. ఎక్కడో మంచులో దాక్కున్న గువ్వలు ఒక్కసారి లేచి, కనిపించకుండానే రెక్కల చప్పుడు చేసుకుంటూ పోయాయి.

మౌలాలి ముఖం వెలిగింది. లోపాలన్నీ ఏకరువు పెట్టి సగానికి బేరమాడి, పిస్తోలు తెచ్చి బీజానమ్మ ముందు పెట్టాడు.

"ఇంత చెమ్మలో కూడా ఒక్కసారైనా తడబడలేదమ్మా. ఇంతకన్నా నమ్మకమైనది ఈ చుట్టుపక్కల దొరకదు. నొక్కడమే ఆలస్యం."

బీజానమ్మ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది, పురిటి బిడ్డను అందుకున్నట్టు. ఆవిడకు తుపాకుల సంగతి ఏమీ తెలియదు.

"బరువుంది. ఎట్లా పట్టుకుపోతావు?"

"నడుముకు దోపుకుంటాను. మందూ గుండూ నింపే ఉంచాలి. దొంగలొచ్చాక నింపుదామంటే వాళ్ళు ఆగరు కదమ్మా."

"రోజంతానా?"

"రోజంతా."

"పసిపిల్లలు నీ నడుము పట్టుకుని ఎక్కుతారు. రాళ్ళ మీద కాలు జారుతుంది. అప్పుడో?"

మౌలాలి ఓపికగా చూపించాడు. "ఇదిగో, ఈ కొక్కేన్ని వెనక్కి మొత్తం లాగితే కాల్చడానికి. సగమే లాగితే ఇక్కడ ఒక గాడిలో కూర్చుంటుంది. అట్లా ఉన్నప్పుడు మీట నొక్కినా, కిందపడినా పేలదు."

"నిలుస్తుందా అక్కడ?"

"నిలుస్తుందమ్మా. అన్నిటికీ ఉండేదే అది."

"ఏదీ, పెట్టు."

అతను గొట్టం ఖాళీగా ఉందని చూసి, కొక్కేన్ని సగం గాడిలో నిలిపాడు. బీజానమ్మ తన చూపుడువేలు చెకుముకిరాయికీ ఉక్కురేకుకీ మధ్య పెట్టింది.

"ఇప్పుడు కనుమ ఎక్కుతున్నట్టు ఊపు."

సీతాఫలం ఆకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది. మౌలాలి చెయ్యి కదల్లేదు.

"వేలు తియ్యమ్మా."

"నిలుస్తుందన్నావుగా."

"నా వేలు పెడతాను."

"నీదైతే పెడతావు. నాకు తెలుసు. ఊపు నాయనా."

బేరమప్పుడు మౌలాలి అన్నీ పరీక్షించాడు. చెక్క చూశాడు, మరలు చూశాడు, గొట్టం చూశాడు, నిప్పు చూశాడు. ఈ ఒక్క గాడి వంక మాత్రం చూడనైనా లేదు. చూడాలని తోచనైనా లేదు. అతను అమ్మ వేలును మెల్లిగా పక్కకు తీసి, ఆ చోట ఒక రెల్లుపుల్ల పెట్టాడు. పిస్తోలును ఒక్కసారి, చంకలో పిల్లను సర్దుకున్నంత మెల్లిగా కుదిపాడు.

టక్కుమని కొక్కెం పడింది. పుల్ల రెండు ముక్కలై అమ్మ కుడుతున్న బొంత మీద రాలింది.

"ఓరి దొంగా! అమ్మ వేలు తెగేది కదరా!"

మౌలాలి ఒక్క అంగలో వెళ్ళి ఓబులయ్య మెడలో తుండుగుడ్డ పట్టుకుని మెలేశాడు. మూట కాలికి తన్నుకుని ఒరిగింది. తాళాలన్నీ వాలులోకి గలగలమంటూ దొర్లి మంచులో కలిసిపోయాయి. పిస్తోలు తిరగేసి పట్టిన చెయ్యి ఓబులయ్య నెత్తి మీదికి లేచింది.

"నాకు తెలవదప్పా, అమ్మతోడు!" ఓబులయ్య గొంతు కీచుమంది. "పేల్చి చూస్తారు, తీసకపోతారు! ఆగుతాదా అని ఇంతవరకూ ఎవురూ అడగలా!"

బీజానమ్మ లేవలేదు. గొంతు పెంచలేదు.

"మౌలాలీ, నిన్నిప్పుడు ఎవరు ఊపారు?"

లేచిన చెయ్యి లేచినట్టే ఉండిపోయింది. కింద ఎక్కడో ఒక తాళం ఇంకా దొర్లుతోంది. కాసేపటికి అదీ ఆగింది.

మౌలాలి తుండుగుడ్డ వదిలాడు. వదిలి, దాని ముడతలు సాపు చేసి ఓబులయ్య భుజం మీద సరిగ్గా వేశాడు. పిస్తోలు కింద పెట్టి వాలులోకి దిగాడు. మంచు అతన్ని మోకాళ్ళ దాకా, నడుం దాకా, తల దాకా కప్పేసింది. చాలాసేపు ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు మాత్రం వినిపించింది. ఓబులయ్య అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగుతూ ఆ వైపే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చేసరికి మౌలాలి పంచె ఒడి నిండా తాళాలున్నాయి. మోచేతులు గీరుకుపోయాయి. ఒడి ఓబులయ్య ముందు విప్పి, తల వంచుకుని అడిగాడు.

"దెబ్బ తగిలిందా అన్నా?"

"మెడకు కాదప్పా. బేరానికి తగిలింది."

ఈసారి మౌలాలికి నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. అమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"రేపు ముందు ఎవరిని నడవమంటావో నడవమనమ్మా. నేను చివర వస్తాను, ముసలివాళ్ళతో."

బీజానమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం ఎక్కాక ఓబులయ్య వైపు తిరిగింది.

"దీన్ని ఇక పారెయ్యాల్సిందేనా ఓబులయ్యా?"

ఓబులయ్య పిస్తోలు అందుకుని, కొక్కేన్ని వెనక్కీ ముందుకీ ఆడించి, లోపలికి తొంగిచూశాడు.

"ఎందుకు పారెయ్యాల? గాడి అరిగింది, అంతే. కొలిమిలో పెట్టి, మళ్ళీ కోయించి, ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ళలో ముంచితే నిలబడతాది. సాయంత్రానికల్లా నేనే చేయించకొస్తా. ఇనుము మంచిదేనమ్మా."

"అవును, మంచిదే" అంటూ బీజానమ్మ చెయ్యి చాపి మౌలాలి తల మీద పెట్టింది.