గుప్పిటకు చిక్కని జుట్టు

చాలా కాలం కిందట, ఏడు సముద్రాలకు ఈవల మణిగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే సుధన్వుడికి ముగ్గురు కూతుళ్లు. పెద్దమ్మాయి కుముదిని మోకాళ్లు దాటే జడ వేసి, చివర జడగంటలు కట్టుకునేది. రెండో అమ్మాయి తరళిక కొప్పు పెట్టి, చుట్టూ పూలు ముడుచుకునేది. చిన్నమ్మాయి హేలావతికి మాత్రం ఒక పద్ధతంటూ లేదు. ఒకనాడు జడ, ఒకనాడు కొప్పు, ఒకనాడు గాలికి వదిలేయడం.

"రాచపిల్లవు, ఇదేం వాలకమే?" అనేది మహారాణి.

"తల నాదే కదమ్మా" అని నవ్వేసేది హేలావతి.

ఏడు సముద్రాలకు ఆవల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఎవరి జుట్టు వాడి గుప్పిట పడితే, ఇక వాళ్లు వాడి చెప్పుచేతల్లో ఉండాల్సిందే. ఒకరోజు అక్కచెల్లెళ్లు తోటలో ఉయ్యాల ఊగుతుంటే వాడు గద్దలా దిగాడు. ఒక చేత్తో కుముదిని జడ, ఇంకో చేత్తో తరళిక కొప్పు పట్టుకుని ఎగిరిపోయాడు. మూడో చెయ్యి లేదు కాబట్టి హేలావతి మిగిలింది.

సేనాపతి వెళ్లాడు, తిరిగి రాలేదు. మంత్రి వెళ్లాడు, తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అంది హేలావతి.

"నీకూ జుట్టుంది కదా తల్లీ" అన్నాడు రాజు దిగులుగా.

"దాని కింద తెలివి కూడా ఉంది. దీవించి పంపండి."

చిన్న కత్తి ఒకటి నడుముకు దోపుకుని బయలుదేరింది. సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని గింజుకుంటోంది. హేలావతి వల కోసి విడిపించింది.

"నా వీపెక్కు బిడ్డా, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, అలా ఏడూ దాటి దీవి చేరారు. అక్కడ ఒక గిజిగాడు మోడు మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఆ కరాళుడి ప్రాణం ఒక చిలకలో ఉందమ్మా. దాన్ని లోతైన పాడుబావిలో పంజరంలో దాచాడు. ఎవరూ తాడు పేని బావిలోకి దిగకూడదని దీవిలో తాటిచెట్టు, కొబ్బరిచెట్టు, ఆఖరికి గడ్డిపోచ కూడా లేకుండా చేశాడు. నా గూడూ పోయింది" అంది పిట్ట.

హేలావతి బావి దగ్గరికి వెళ్లింది. అక్కడ జులపాల కుర్రవాడొకడు కాపలా ఉన్నాడు. వాడు జయసేనుడనే రాకుమారుడు. కరాళుణ్ణి చంపడానికి వచ్చి, జులపాలు వాడికి చిక్కి బందీ అయ్యాడు.

"ఎవరైనా వస్తే అరవమని నాకు ఆజ్ఞ. అరవక తప్పదు" అన్నాడు పాపం.

"గట్టిగా అరవమన్నాడా?"

"అది చెప్పలేదు."

"అయితే మెల్లగా అరువు."

"ఎవరో వచ్చారు" అని గుసగుసగా అరిచాడు జయసేనుడు. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఇక తాడు కావాలి. హేలావతి తన జుట్టు ముందుకు వేసుకుని చూసింది. చిన్నప్పటి నుంచీ అమ్మ నూనె రాసి పెంచిన జుట్టు. ఒకసారి నిమురుకుంది. అక్కలు గుర్తొచ్చారు. కత్తి తీసి కుదుళ్ల దగ్గరగా కోసేసింది. గిజిగాడు ఆ వెంట్రుకలను ముడికి ముడి కలిపి, గూడు అల్లినట్టు పొడుగాటి తాడు అల్లింది. హేలావతి దాన్ని బావిగట్టు రాతికి కట్టి లోపలికి దిగింది.

పంజరం కదలగానే చిలక కీచుమంది. ఆమె పైకి వచ్చేసరికి గట్టు మీద కరాళుడు నిలబడి ఉన్నాడు. జుట్టు కోసం చెయ్యి విసిరాడు. అరచేతికి ఏమీ తగల్లేదు. మళ్లీ విసిరాడు. బోడితల మీద నుంచి చెయ్యి జారిపోయింది. అప్పుడు చూశాడు ఆమె చేతిలోని పంజరాన్ని. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, అలా దబ్బున కాళ్ల మీద పడ్డాడు.

"చంపొద్దు తల్లీ, అందరినీ వదిలేస్తాను."

"ముందు వదులు."

వాడు మంత్రం ఉపసంహరించాడు. జయసేనుడు ఒళ్లు విరుచుకున్నాడు. కుముదిని, తరళిక, మంత్రి, సేనాపతి పరుగున వచ్చారు. హేలావతి పంజరం తలుపు తీసింది. చిలక రివ్వున ఎగిరిపోయింది. దానికేమైనా అయితే తన పని అయిపోయినట్టే కదా, అందుకని "ఆగవే, పిల్లులుంటాయే" అంటూ కరాళుడు దాని వెనక పరుగెత్తాడు. ఆ తర్వాత ఎవరి జుట్టూ పట్టుకోవడానికి వాడికి తీరిక దొరకలేదు.

తాబేలు వీపెక్కి అందరూ మణిగిరి చేరాక మహారాణి చిన్నకూతుర్ని కౌగిలించుకుని, తల నిమిరి బావురుమంది.

"పెళ్లి కావలసిన పిల్లవి. ఈ తలతో నిన్నెవరు చేసుకుంటారే? పెరిగేదాకా సవరమైనా పెట్టుకో."

"పెంచుకోవాలనిపిస్తే పెంచుకుంటానమ్మా. ఇప్పుడు హాయిగా గాలి తగులుతోంది."

జయసేనుడు ముందుకొచ్చి, "మీకిష్టమైతే నన్ను చేసుకోండి" అన్నాడు, ఈసారి అందరికీ వినపడేలా. హేలావతి సరేనంది.

కుముదినికి జడంటేనే ఇష్టం, ఉంచుకుంది. తరళిక కొప్పు విప్పేసి భుజాల దాకా కత్తిరించుకుంది. మణిగిరి ఆడవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు దువ్వుకున్నారు.

ఆడపిల్లయినా సరే, రాజ్యం హేలావతికే ఇస్తానన్నాడు సుధన్వుడు. పట్టాభిషేకం నాడు కిరీటం వదులై ముక్కు మీదికి జారింది. సభలో గొణుగుడు మొదలైంది. రాజు కంసాలిని పిలిపించి, "కిరీటం పెట్టేది తలకి, జుట్టుకి కాదు. కొలత తీసుకో" అన్నాడు.

కంసాలి కొలత తీసుకున్నాడు. ఆ కొత్త కిరీటంతో హేలావతి, పక్కన జయసేనుడు, ఎంతో కాలం చల్లగా రాజ్యం ఏలారు.