నక్క రాసిన రూలు

తొలకరిలోపు ఇల్లు బాగుచేసుకున్నవాళ్ళకు ఈ ఏటి గింజల పన్ను మాఫీ అని మృగరాజు చాటింపు వేయించాడు. ఆ కబురు విని గిజిగాడు ఎగిరి గంతేశాడు. గాలివానకు వాడి గూడు చిరిగిపోయింది. పన్నుకని దాచిన సజ్జలు మిగిలితే పుట్టబోయే పిల్లలకు తిండికి లోటుండదు. వారం రోజులు ఈతాకు చీల్చి, ముక్కుతో అల్లి, లోపల తడిమట్టి మెత్తి, అర్జీతో కచేరీకి వెళ్ళాడు.

అక్కడ గుమాస్తా నక్క.

"పనివాడెవరు?"

"నేనేనండీ."

"పనివాడి కాలిముద్ర లేకపోతే అర్జీ చెల్లదు. సొంతంగా చేసుకుంటే ఖర్చేముందోయ్, మాఫీ ఇవ్వడానికి?"

"ఈ రూలు చాటింపులో లేదే!"

"నిన్ననే రాశా. పోనీ, సగం సజ్జలు ఇక్కడ పోసెయ్. ముద్ర సంగతి నేను చూసుకుంటా."

గిజిగాడికి ఒళ్ళు మండింది. "ఒక్క గింజ ఇవ్వను. ఆ రూలేదో రాజుగారి ముందే చదవండి."

"చదువుతా. నాకేం భయం?"

మర్నాడు కొలువులో నక్క గడగడా చదివేసింది. మృగరాజు తలూపాడు.

"రూలు అందరికీ ఒకటేనా మహారాజా?" అన్నాడు గిజిగాడు.

"ఒకటే."

"అయితే గుమాస్తాగారి బొరియ తవ్విందెవరో చెప్పమనండి. మాఫీ జాబితాలో మొదటి పేరు వారిదే."

నక్క ఇరుకున పడింది. నేనే తవ్వానంటే తన రూలే తనని పట్టుకుంటుంది. అంత లోతు బొరియ ఎవరు తవ్వుతారో అడవంతా ఎరుగును.

"ఏదుపంది," అని గొణిగింది.

కబురందగానే ఏదుపంది ముళ్ళు నిక్కబొడుచుకుని వచ్చింది. "తవ్వింది నేనే! మూడు గదులు, రెండు దారులు. కానీ ఈయనగారికి కాదు, నా పిల్లలకి. చలికాలంలో మమ్మల్ని వెళ్ళగొట్టి తను దూరాడు. అప్పట్నుంచీ రాళ్ళసందుల్లో బతుకుతున్నాం. పనివాడి ముద్ర కావాలా? ఇదిగో!" అంటూ మట్టికాలితో నక్క అర్జీ మీద ధబీమని వేసింది.

మృగరాజు గర్జనకి కచేరీ కప్పు అదిరింది. ఆ రూలు పోయింది, నక్క కొలువూ పోయింది. బొరియ ఏదుపందిదయింది, సజ్జలు గిజిగాడివయ్యాయి.

తొలి చినుకు పడ్డ రోజు నక్క తుమ్మచెట్టు కింద తడుస్తూ నిలబడింది.

"గిజిగా, నాకో గూడు అల్లిపెట్టవూ?"

గిజిగాడు గూట్లోంచి తల బయటపెట్టాడు. "సొంతంగా చేసుకో. ఖర్చేముందోయ్?"

నీతి: పక్కవాణ్ణి ఆపడానికి రూలు రాసేవాడు, ముందు తన గుమ్మం చూసుకోవాలి.