గవరయ్య పలకలో కిటికీ

గవరయ్యకు పాట నోట నిలిచేది కాదు. పొద్దున నేర్చింది పొద్దుగూకేసరికి ఆవిరైపోయేది.

నూకమాంబ గారి ఆశ్రమంలో తత్వాలు చూసి పాడరు. ఒకరు ముందుపాట అందుకుంటారు, మిగతా అందరూ కళ్లు మూసుకుని ఆ చరణమే తిరిగి అంటారు. ముందుపాట పాడే పెద్దాయనకు గొంతు పోయింది. "ఈ పున్నమికి నువ్వు చెప్పు నాయనా," అంది నూకమాంబ అమ్మ గవరయ్యతో.

రాదని చెప్పడానికి అతనికి నామోషీ. పలకలాంటి ట్యాబ్ ఒకటి కొన్నాడు. అందులో నోట్స్ రాసుకునే యాప్, దానికి తగిలించిన చిన్న ప్లగిన్. ఎంత చిత్రమో చూడండి! ఎక్కడో ఎవరో తమ వెబ్‌సైటులో పెట్టుకున్న తత్వాలు ఇతని నోట్స్ మధ్యలో కిటికీ తెరిచినట్టు కనబడేవి. ఒక్క అక్షరం రాసుకునే పని లేదు.

"పప్పు కూడా అందులోనే ఉడుకుద్దా గవరయ్యా?" అని వంటింటి పోలమ్మ వేళాకోళం చేసింది. గవరయ్య నవ్వేసి ఊరుకున్నాడు.

పున్నమి వచ్చింది. తాళాలు చేతబట్టి, పలక ముందు పెట్టుకుని ఎత్తుకున్నాడు.

"తాళమెవరు వేసినారో తలుపు నడగరన్నా..."

అందరూ అన్నారు. గవరయ్య వేలితో పేజీ జరిపాడు. ఆ పేజీ సొంతదారు ఆ మధ్యాహ్నమే ఉచితంగా చూసేవాళ్లకు గడువు పెట్టి, దానికి గడియ వేసుకున్న సంగతి అతనికి తెలీదు. కళ్లు చదివాయి, నోరు రాగంలోనే అనేసింది.

"మీ గడువు ముగిసిందీ..."

"మీ గడువు ముగిసిందీ," అన్నారందరూ, భక్తిగా.

గవరయ్య చెవులు వేడెక్కాయి. అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు.

"కొనసాగుటకై ఇక్కడ నొక్కండీ..."

అందరూ అన్నారు. ముందు వరసలో అప్పలస్వామి గుండె మీద చెయ్యేసి నొక్కుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆయన భార్య పోయి ఇంకా నెల తిరగలేదు.

ఎలాగో మంగళం పాడి ముగించాడు గవరయ్య. అప్పలస్వామి కండువాతో మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఆ గడువు సరణం మళ్లీ ఓపాలి సెప్పు. నోటికి పట్టించుకుంతాను. ముసిల్దాని కోసమే ఎవలో కట్టినట్టుంది."

గవరయ్య చూపు పలక వైపు పోయింది. ఎప్పుడొచ్చి కూర్చుందో అమ్మ, తన అరచేతిని దాని మీద బోర్లించింది. అతని వైపు చూడలేదు.

"అడుగుతున్నాడుగా," అంది.

గవరయ్య తల నేలలోకి కుంగిపోయింది.

"అది పాట కాదు మాఁవా. ఎవరిదో పేజీ మూతపడి అలా వచ్చింది. తెలిసీ మీ అందరిచేతా అనిపించాను. నాకు... నాకు ఒక్క తత్వమూ రాదు."

అప్పలస్వామి చేతిలోని తడి కండువా వైపు చూసుకున్నాడు.

"మరి నానేడిసిందో?" అన్నాడు మెల్లగా.

గవరయ్య తాళాలు తీసి అమ్మ పాదాల దగ్గర పెట్టాడు.

అమ్మ వాటిని తిరిగి అతని చేతుల్లోనే పెట్టి, అప్పలస్వామిని పక్కన కూర్చోమంది.

"నాకు రాదు అన్నావే, అక్కణ్ణుంచి ఎత్తుకో నాయనా," అంది.